ఇంకో పది నిమిషాలు

మావారికి కెమెరా పిచ్చి పట్టింది హారిస్‌డేల్ వచ్చాకే. పెర్త్‌కు ఆగ్నేయాన ఉన్న మా పేట సగం కొత్త ఇళ్లు, సగం ఇంకా మనుషులకు పూర్తిగా లొంగని చిత్తడి నేల. పొద్దున్నే నల్ల కాకటూలు గోలగోలగా తలల మీదుగా పోతాయి. పెరట్లో నేను కష్టపడి వేసుకున్న కొత్తిమీర మడిని క్వెండా అనే పందికొక్కంత జంతువు రాత్రికి రాత్రే ముక్కుతో దున్నేసి పోతుంది. పక్కనే ఫారెస్ట్‌డేల్ సరస్సు. 1990లో రామ్‌సర్ జాబితాకెక్కిన పక్షుల చెరువు. శనివారాలు అక్కడ కొంగల్ని, బాతుల్ని తీయడంతో మొదలై, ఆయనగారి సరదా రెండేళ్లలో మూడు లెన్సులు, ఒక ట్రైపాడ్, గొడుగుగుడ్డతో కుట్టించిన ఒక మారువేషం దాకా వచ్చింది.

2020 సెప్టెంబరులో నిజానికి మేం కడపలో ఉండాలి, మా చెల్లెలి పెళ్లికి. మార్చిలో దేశం తలుపులు మూసేశారు. ఏప్రిల్‌లో మా పశ్చిమ ఆస్ట్రేలియా మిగతా రాష్ట్రాలకు కూడా గడియ పెట్టుకుంది. పెళ్లి ఫోన్‌లో చూసి, ఆ పట్టుచీర మళ్లీ బీరువాలో పెట్టేశాను. దాచుకున్న సెలవులు మిగిలాయి. పెర్త్ పెర్త్ అంతా అదే స్థితి కాబట్టి జనం కార్లలో రాష్ట్రం లోపలే తిరగడం మొదలుపెట్టారు. మేమూ బయలుదేరాం, ఉత్తరంగా, షార్క్ బే వైపు. డెన్‌హామ్ అనే ఊరు మాకు దాదాపు 830 కిలోమీటర్లు. కడప నుంచి హైదరాబాదుకు రెండుసార్లు పోయినంత, కానీ మధ్యలో కర్నూలు లేదు, టీ బంకు లేదు, చాలాచోట్ల ఫోన్ సిగ్నలూ లేదు.

సామాన్లు సర్దేటప్పుడు ఆయన బ్యాటరీలు లెక్కపెట్టుకుంటుంటే నేను నీళ్ల క్యాన్లు, పులిహోర, కారప్పొడి, రెండు దుప్పట్లు, రెండు దిండ్లు పెట్టుకున్నాను. దిండ్లెందుకు, మోటెల్లో ఉంటాయిగా అన్నారు. వాళ్ల దిండ్ల మీద నాకు నిద్ర పట్టదు, అంతే.

మొదటి రోజు గురించి ఎక్కువ చెప్పను. ఇండియన్ ఓషన్ డ్రైవ్ మీద సముద్రం పక్కపక్కనే పోయి, నాంబంగ్ పార్కులో పినకిల్స్ అనే సున్నపురాతి స్తంభాల మధ్య ఎండలో తిరిగి, జెరాల్డ్‌టన్‌లో పడుకున్నాం. ఆ స్తంభాలను అందరూ తీస్తారు, మావారూ తీశారు. నాకు గుర్తున్నది మాత్రం వాటి మధ్య ఒక ఈమూ నాన్నగారు. ఈమూల్లో గుడ్లు పొదిగేదీ, పిల్లల్ని సాకేదీ మగదే. చారల చారల పిల్లలు ఆరు వెనకాల నడుస్తుంటే, మా కారు ముందు ఏ తొందరా లేకుండా దాటిపోయాడు.

రెండో రోజు తెల్లవారుజామునే జెరాల్డ్‌టన్ వదిలాం. నార్తాంప్టన్ దాటాక ఊళ్లు అయిపోతాయి. ఎర్రమట్టి, పొదలు, తీగలాంటి రోడ్డు. ఈ రాష్ట్రంలో రోడ్ ట్రైన్లు 53 మీటర్లకు పైగా కూడా పొడవుంటాయి. ఎదురుగా ఒకటి వస్తే కారు ఒక్కసారి ఊగుతుంది. రోడ్డు పక్క చచ్చిపడిన కంగారూలు, వాటి మీద వాలిన గద్దజాతి పెద్ద డేగలు. రెక్కలు చాస్తే రెండు మీటర్లకు పైనే. కడుపునిండా తిన్నది వెంటనే లేవలేదు, రోడ్డు మీదే నాలుగడుగులు పరిగెత్తి బరువుగా ఎగురుతుంది. అందుకని దూరం నుంచే వేగం తగ్గించాలి. మావారు ఆ డేగను తీశారు. ఫోటోలో అది రాజులా ఉంది. కింద ఏం తింటోందో ఫ్రేములోకి రాలేదు.

అప్పుడే అనుకున్నాను, ఇంత ఖాళీ నేల ఉండగా ఇవి రోడ్డు పక్కకే ఎందుకొస్తాయని. కారణం తెలిస్తే చిన్నదే. వానచినుకు పడితే తారు మీద నిలవదు, అంచులకు జారుతుంది. ఎండిన దేశంలో ఆ అంచున మాత్రం గడ్డి పచ్చగా ఉంటుంది. మేత కోసం వస్తాయి. అదీ పగటి ఎండలో కాదు, పొద్దు వాలాక. రాత్రి ప్రయాణం వద్దని ఇక్కడ అందరూ చెప్పేది అందుకే. మాకూ తెలుసు. మేం చేసుకున్న ఒప్పందం ఏమిటంటే, సూర్యుడు దిగేలోపు కారు ఊళ్లో ఉండాలి.

ఓవర్‌లాండర్ రోడ్‌హౌస్ దగ్గర పెట్రోలు పోసుకుని, పెద్ద రోడ్డు వదిలి ఎడమకు తిరిగాం. పది నిమిషాలు పోయామో లేదో, రోడ్డు మధ్యలో ఎండుటాకు లాంటిది ఏదో ఊగుతోంది. ఆపి చూస్తే ముళ్ల తొండ! థార్నీ డెవిల్ అంటారు, అరచేతిలో పట్టేంత ప్రాణి. ఒళ్లంతా గులాబీ ముళ్లు. ఒక అడుగు వేసి, ఊగి, ఆగి, మళ్లీ ఊగి ఇంకో అడుగు. చీమలు తప్ప వేరే ఏదీ తినదు. డిగ్రీలో కేశనాళికీయత అని గాజుగొట్టంలో రంగునీళ్లు పైకి ఎక్కించి మార్కులు తెచ్చుకున్నాం కదా, ఆ సూత్రమే దీని బతుకు. పొలుసుల మధ్య సన్నటి కాలువలుంటాయి. తడి ఇసుకలో నిలబడితే చాలు, నీళ్లు వాటంతటవే కాళ్ల నుంచి పాకి నోటిదాకా వస్తాయి. నిలబడి ఒళ్లంతా నీళ్లు తాగే జంతువు!

మావారు తారురోడ్డు మీద బోర్లా పడుకున్నారు. నేను ఒక చేత్తో ఎర్ర చున్నీ ఊపుతూ రోడ్డుకు కాపలా. ఒక కారవాన్ వచ్చి ఆగింది. అందులోని ముసలాయన దిగి, పడిపోయిన మనిషనుకున్నాడో ఏమో గాభరాగా పరిగెత్తుకొచ్చి, సంగతి తెలిసి ఆయనా పక్కన పడుకున్నాడు. తొండ రోడ్డు దాటేదాకా ముగ్గురం కాపలా కాశాం. ఆ రోజు మేం చేసిన పనుల్లో ఇప్పటికీ తలుచుకుని సంతోషపడేది అది.

తరువాత హామెలిన్ పూల్. ఇక్కడ మావారు కెమెరా తీసి, చుట్టూ చూసి, "ఏముంది ఇక్కడ తీయడానికి?" అన్నారు. నిజమే, చూడ్డానికి ఏమీ లేదు. లోతులేని నీళ్లలో నల్లటి రాళ్లు, పేడకుప్పల్లా. కానీ నేను 700 కిలోమీటర్లకు పైగా ఎదురుచూసింది వాటి కోసమే. అవి స్ట్రోమటోలైట్లు. రాళ్లు కావు, రాళ్లు కట్టే ప్రాణులు. నా ప్రాక్టికల్ రికార్డులో పెన్సిల్‌తో గీసిన నాస్టాక్, ఆసిలటోరియాల బంధువులు, నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవులు, జిగురుతో మట్టి రేణువుల్ని పట్టి, పొర మీద పొర వేసుకుంటూ కట్టిన దిబ్బలు. ఏడాదికి అర మిల్లీమీటరు కూడా పెరగవు. ఆ అఖాతం ముఖద్వారాన ఇసుకమేట, సముద్రపు గడ్డి అడ్డంపడి నీళ్లు సరిగా మారవు. ఎండకు ఆవిరై ఉప్పు మామూలు సముద్రానికి రెట్టింపవుతుంది. వాటిని తినే నత్తలు ఆ ఉప్పుకు తట్టుకోలేవు, కాబట్టి ఇవి బతికిపోయాయి. వందేళ్ల కిందట ఉన్ని మూటలు ఓడలకు చేర్చిన బళ్ల చక్రాలు ఆ నాచు మీద పడ్డ గాడి ఇంకా అలాగే ఉంది. ఒకసారి తొక్కితే మానడానికి వందేళ్లు చాలలేదు.

మా జేజి ఊరు వేంపల్లె పక్కన. గండి ఆంజనేయస్వామి గుడికి పోయేటప్పుడు పాపఘ్ని ఒడ్డున బూడిదరంగు రాళ్లమీద కూర్చునేవాళ్లం. వాటిమీద ఎర్రగడ్డను అడ్డంగా కోసినట్టు వలయాలు వలయాలుగా ఉంటాయి. ఆ వలయాల్లో వేలుపెట్టి తిప్పుకుంటూ ఆడుకున్నాను. అవేమిటో అప్పుడు ఎవరూ చెప్పలేదు. డిగ్రీలో ఎప్పుడో మా లెక్చరర్ ఒకాయన, పాఠంలో లేకపోయినా, వేంపల్లె డోలమైటు రాళ్లలో ఉన్నవి స్ట్రోమటోలైట్లే అన్నారు. దాదాపు 190 కోట్ల ఏళ్లనాటివి. అంటే కడప జిల్లా ఒకప్పుడు ఇలాగే ఉండేది, ఇదే లోతులేని వెచ్చటి సముద్రం, ఇవే దిబ్బలు. మనం పీల్చే ఆక్సిజన్‌ను మొదట గాలిలోకి వదిలింది ఈ జాతివాళ్లే. నేను వరసగా చెప్పుకుపోతుంటే మావారు కెమెరా దించి విన్నారు. పెళ్లయిన తొమ్మిదేళ్లలో నా బీఎస్సీ గురించి ఆయన అంతసేపు విన్నది అదే మొదటిసారేమో! అక్కడ అనుకున్నదానికంటే గంటసేపు ఎక్కువ ఉండిపోయాం. మేం నడిచిన ఆ చెక్క వంతెనను మరుసటి ఏప్రిల్‌లో సెరోజా తుఫాను విరగ్గొట్టింది.

ఆ గంట ఆలస్యం దేనికి దారితీసిందో తరువాత చెబుతాను.

షెల్ బీచ్‌లో ఇసుక లేదు. అడుగు వేస్తే కరకరలాడే చిన్న తెల్ల గవ్వలు, మీటర్ల లోతున. అక్కడికి దగ్గర్లోనే రోడ్డుకు అడ్డంగా కంచె ఉంది. నక్కలు, పిల్లులు ద్వీపకల్పంలోకి రాకుండా 1990లలో కట్టారు. ఆ గేటు దాటుతుంటే కుక్క మొరిగింది. కుక్క ఎక్కడా లేదు, రికార్డు చేసిన మొరుగుడు! మావారు ఎంత నవ్వారో.

ఈగిల్ బ్లఫ్ చేరేసరికి అయిదు దాటింది. డెన్‌హామ్ ఇంక 20 కిలోమీటర్లు. సముద్రం మీదికి వంగిన ఎత్తైన కొండ అంచు, కింద అద్దంలాంటి నీళ్లు. పైనుంచి చూస్తే తిరుగాడే చిన్న సొరచేపలు, దుప్పటి పరిచినట్టు టేకి చేపలు. వాటిలో ఒక సొర జాతికి నెర్వస్ షార్క్ అనే పేరుందని చదివి ఆ పేరు పెట్టినవాడి మీద ప్రేమ కలిగింది. నీళ్లలో ముదురు మరకల్లా కనబడేదంతా సముద్రపు గడ్డి. ఈ అఖాతంలోనే 180 కిలోమీటర్లు పరుచుకున్న గడ్డి అంతా ఒకే మొక్క అని, 4,500 ఏళ్లుగా తనను తానే పొడిగించుకుంటూ వచ్చిందని 2022లో శాస్త్రజ్ఞులు తేల్చారు. మేం నిలబడి చూసినప్పుడు ఎవరికీ తెలీదు. ఆ గడ్డిని మేసే సముద్రపు ఆవులు, డ్యూగాంగులు, ఇక్కడ పదివేల దాకా ఉంటాయంటారు. మాకు ఒక్కటి కనబడితే చాలనుకున్నాం.

అయిదున్నరకు "పోదాం పదండి" అన్నాను. వెలుగు అప్పుడే బంగారంలా మారుతోంది. ఫోటోలు తీసేవాళ్లు గోల్డెన్ అవర్ అంటారు. "ఇంకో పది నిమిషాలు" అన్నారు. ఆ పది అయ్యాక ఇంకో పది. సూర్యుడు నీళ్లకు తాకేటప్పటికి ఆరుంబావు. ఎర్రటి కొండ, పచ్చటి నీళ్లు, మధ్యలో కాలిబాట. ఆ ఒక్క ఫోటో చాలు అన్నంత బాగా వచ్చింది. ఆయన ట్రైపాడ్ మడిచేశారు.

కారు నేను తోలాను. మట్టిరోడ్డు దాటి తారు మీదికి వచ్చాక గంటకు 80 మించలేదు. మన ఊళ్లలో గోధూళి వేళ అంటారే, అలాంటి వెలుతురు. ఆకాశంలో ఇంకా కాంతి ఉంది, నేలమీద లేదు. ఎడమవైపు పొదల్లోంచి అది ఎలా వచ్చిందో కూడా నేను చూడలేదు. చూసింది గాలిలో ఉన్నప్పుడే. బ్రేకు తొక్కాను. ఢాం అని శబ్దం. తరువాత ఇంజను చప్పుడు, ఇండికేటరు టిక్కుటిక్కు, అంతే.

చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు. ఆయనే ముందు దిగారు. బంపరు పగిలింది, ఒక లైటు పోయింది. కారు నడుస్తుంది. కంగారూ రోడ్డు అంచున పక్కకు పడి ఉంది. ప్రాణం లేదు. టార్చి వేసి ఆయన చిన్నగా అన్నారు, "పొట్ట కదులుతోంది."

ఇక్కడ కాపురమున్నవాళ్లకు ఎవరికైనా తెలుసు, చచ్చిన కంగారూ కనబడితే సంచి చూడాలని. తెలియడం వేరు, చెయ్యి పెట్టడం వేరు. కాలేజీలో కప్పను కోశాను, బొద్దింకను కోశాను, చెయ్యి వణకలేదు. అవి చల్లగా, ఫార్మలిన్ వాసనతో ఉండేవి. ఇది వెచ్చగా ఉంది. ఎంత వెచ్చగా అంటే, తల్లి ఇంకా బతికే ఉందేమోనని వెనక్కి లాగేశాను. రెండోసారి పెడితే వేళ్లకు సన్నటి తోక తగిలింది.

ఊరు దగ్గరే కాబట్టి ఫోన్‌కు ఒక్క గీత సిగ్నలుంది. వైల్డ్‌కేర్ హెల్ప్‌లైన్ నంబరు మావారి ఫోన్‌లో ఉంది, ఫారెస్ట్‌డేల్‌లో ఒకసారి రెక్క విరిగిన బాతు దొరికినప్పటిది. అవతల ఒకావిడ ఎంత నిదానంగా అడిగిందో. బొచ్చుందా? కళ్లు తెరిచిందా? చనుమొన నోట్లో ఉందా? ఉంటే లాగొద్దు, నోరు చినిగిపోతుంది. మాది మొన వదిలేసి ఉంది, వెల్వెట్ లాంటి నూగు వచ్చేసింది, కళ్లు తెరిచింది. దాన్ని ఏదైనా గుడ్డసంచిలో వేసి మీ ఒంటికి ఆనించి పట్టుకోండి, వెచ్చగా, చీకటిగా, చప్పుడు లేకుండా. నీళ్లు వద్దు, ఆవుపాలు అసలే వద్దు, వాటికి లాక్టోజ్ అరగదు. డెన్‌హామ్‌లో మనిషిని చూస్తాను, పది నిమిషాల్లో ఫోన్ చేస్తాను.

నేను తెచ్చుకున్న దిండు గలీబు అలా పనికొచ్చింది. తిరగేసి పెట్టమంది ఆవిడ, లోపలి కుట్టు దారాల్లో గోళ్లు చిక్కుకోకుండా. స్వెట్టర్ లోపల పెట్టుకున్నాను. అది కాళ్లు పైకి, తల కిందికి దొర్లి, తనకు తెలిసిన చోటు వెతుక్కుని, సర్దుకుని, ఆగింది. దాని గుండె నా గుండె కంటే చాలా వేగంగా కొట్టుకుంటోంది. మావారు తల్లిని కాళ్లు పట్టి రోడ్డు నుంచి దూరంగా ఈడ్చారు, డేగలు రోడ్డుమీదికి రాకుండా. మిగిలిన దూరం ఆయన 40లో తోలారు, ఒక్క లైటుతో. దారిపొడుగునా రేడియో లేదు, మాట లేదు. కెమెరా వెనకసీట్లో ఉంది. ఆ తరువాత చాలామంది అడిగారు, ఒక్క ఫోటో కూడా తీయలేదా అని. తీయలేదు.

డెన్‌హామ్‌లో జంతువులను సాకే ఒక పెద్దావిడ గుమ్మంలో నిలబడి ఉంది. ఏమైందని గానీ, ఆ వేళప్పుడు ఎందుకు తోలారని గానీ అడగలేదు. గలీబుతో సహా తీసుకుని, లోపల మరో సంచిలో వేసి, "ఆడపిల్ల" అంది. నా స్వెట్టర్ మీద చెయ్యివేసి, "మీరు వెళ్లి ఏదన్నా తినండి" అంది. మోటెల్లో పులిహోర డబ్బా తెరిచి ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. "నావల్లే. పది నిమిషాలు, పది నిమిషాలు అని కూర్చున్నది నేనే" అన్నారు. ఓదార్చడానికి నోరు తెరిచి, నిజం చెప్పాను. మొదటి పది ఆయన అడిగారు. సూర్యుడు దిగాక ఆయన ట్రైపాడ్ మడిచేస్తుంటే, "డ్యూగాంగ్ వస్తుందేమో, ఇంకో పది నిమిషాలు చూద్దాం" అన్నది నేను. ఆయనకు గుర్తులేదు. నాకుంది.

మర్నాడు మంకీ మియా పోయాం. గది ముందే తీసుకున్నాం, వేరే ఏం చేయాలో తెలియలేదు. 1960ల నుంచి అక్కడ డాల్ఫిన్లు ఒడ్డుకొచ్చి మనుషుల చేతి చేపలు తింటున్నాయి. మొదట్లో లెక్కాపత్రం లేకుండా ఎవరు పడితే వాళ్లు పెట్టేవారట. తల్లులు ఒడ్డునే కాచుకుని ఉండేవి. పిల్లలు వేట నేర్చుకోలేదు, తల్లిపక్కన ఉండే సమయం తగ్గింది, ఎక్కువగా చనిపోయాయి. శాస్త్రజ్ఞులు అది లెక్కకట్టి చూపించాక 1990లలో నియమాలు మారాయి. ఇప్పుడు కొన్ని పెద్ద ఆడ డాల్ఫిన్లకే, పొద్దున పూటే, రోజు తిండిలో కొద్ది భాగమే పెడతారు. రేంజరు ఇదంతా చెబుతుంటే జనం ఫోన్లు పైకెత్తి ఉన్నారు. ఒక డాల్ఫిన్ పక్కకు ఒరిగి ఒక కన్నుతో మమ్మల్ని చూసుకుంటూ పోయింది. మావారు ఆ రోజు కెమెరా తీసుకురాలేదు. పక్కనున్న పాప తనకు కనబడటంలేదంటే భుజాల మీద ఎక్కించుకుని నిలబడ్డారు.

ఆ పెద్దావిడ వారానికోసారి మెసేజ్ పెట్టేది. సీసాపాలు పట్టింది. బరువు పెరిగింది. పన్నెండో రోజు, మేం హారిస్‌డేల్ వచ్చేశాక, పొద్దున మెసేజ్. రాత్రి పోయింది, నిద్రలోనే. చెప్పుకోదగ్గ జబ్బేమీ లేదు, కొన్నిటికి ఆ భయం లోపలే ఉండిపోతుంది అని రాసింది. కృతజ్ఞతలు చెప్పి, గలీబు మీ దగ్గరే ఉంచుకోండి అని రాశాను. అయినా ఉతికి, మడతపెట్టి పోస్టులో పంపింది. ఇప్పుడది కారు డిక్కీలో టార్చి పక్కన ఉంటుంది. దానికి తోడు ఇంకో మూడు చేర్చాను.

ఆ ప్రయాణంలో తీసిన ఫోటోలు 1,400 పైచిలుకు. ముళ్ల తొండ ఫోటో మా హాల్లో ఉంది. దాని కంటిలో, బాగా దగ్గరికి పోయి చూస్తే, పడుకున్న మావారు, వెనకాల ఎర్ర చున్నీతో నేను కనిపిస్తాం. ఈగిల్ బ్లఫ్ సూర్యాస్తమయం గోడమీద పెట్టలేదు. కానీ దారిలో సిగ్నల్ వచ్చినప్పుడు, ఏమీ జరగక ముందు, కొండ మీద నుంచే ఆయన దాన్ని ఇంటివాళ్ల గ్రూపులో పెట్టేశారు. కడపలో మా అత్తమ్మకు అది ఎంత నచ్చిందంటే, అయిదు నిమిషాల్లో ఫోన్‌లో తన బొమ్మ తీసేసి అది పెట్టుకుంది. ఇప్పటికీ అదే ఉంది. ఆమె ఫోన్ చేసిన ప్రతిసారీ ఆ ఎర్రకొండ, ఆ వెలుతురు తెరమీద వెలుగుతాయి. "ఎంత బాగుండాది నాయనా, మీరిద్దరూ దేవలోకం మాదిరి తావులో ఉండారు" అంటుంది. ఆమెకు మేమింకా చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.